వైర్‌లెస్ మూగబోయినా నడిచే ప్లాన్: సైనిక కమాండ్, కంట్రోల్ మెరుగుపడాలంటే ఆపరేషన్ ప్రణాళిక ఎలా వేయాలి

దాడి మొదలై గంట గడిచాక బ్రిగేడ్ వైర్‌లెస్ నెట్ మీద మాటలు కాసేపు వింటే చాలు, ప్లాన్ ఎలా వేశారో తెలిసిపోతుంది. "ఆ గుట్ట మా హద్దులోకి వస్తుందా, పక్క బెటాలియన్ హద్దులోకా?" "వాగు దాటాక ఆగాలా, ముందుకెళ్లాలా?" "ఇంజనీర్ల ప్లటూన్ ఇప్పుడు ఎవరి కింద ఉంది?" ఇవన్నీ ముందురోజు మ్యాప్ ముందు కూర్చున్నప్పుడే తేలాల్సినవి. అప్పుడు తేలలేదు కాబట్టి, శత్రువు మీద కన్నేసి ఉంచాల్సిన కమాండర్ తన వాళ్లకే జవాబులు చెప్పుకుంటూ కూర్చుంటాడు.

కమాండ్, కంట్రోల్, అంటే ఆజ్ఞలివ్వడం, దళాల్ని అదుపులో నడపడం, బలహీనంగా ఉన్నాయనగానే కొత్త రేడియోలు, పెద్ద స్క్రీన్లు అడగడం మామూలే. సాధనాలు కావాల్సిందే, కాదనలేం. అయితే ప్లాన్‌లో తేలని విషయాన్ని ఏ రేడియో తేల్చదు. తేలని ప్రశ్నను ఇంకాస్త త్వరగా పైకి మోస్తుందంతే. మంచి ప్లాన్‌కు మా కొలత ఒక్కటే: పోరు నడుస్తుండగా కింది కమాండర్ పైవాణ్ని అడగాల్సిన ప్రశ్నలు ఎన్ని తగ్గాయి?

ఉదాహరణకు మూడు బెటాలియన్ల బ్రిగేడ్ ఒకటి తీసుకుందాం. నది మీదున్న వంతెనను పట్టుకుని, వెనక నుంచి వచ్చే డివిజన్ దాటేదాకా నిలబెట్టుకోవడం దాని పని. కంపెనీకైనా డివిజన్‌కైనా మెట్లు ఇవే, అంకెలే మారతాయి. (దళాల వరస కింద నుంచి పైకి: సెక్షన్, ప్లటూన్, కంపెనీ, బెటాలియన్, బ్రిగేడ్, డివిజన్, కోర్.)

మొదటి మెట్టు: లాగ్ పుస్తకం తెరవండి

గత అభ్యాసంలో రాసిన ఆపరేషన్ల లాగ్ తీయండి. కింది నుంచి పైకి వచ్చిన ప్రతి ప్రశ్ననూ ఒక కాగితం మీద ఎక్కించండి. ప్రతిదాని పక్కన మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: ప్లాన్‌లో జవాబే లేదు, జవాబు ఉన్నా కిందికి చేరలేదు, లేదా శత్రువు చేసిన కొత్త పని వల్ల ఇది నిజంగానే కొత్త ప్రశ్న. మూడో రకం ఎప్పుడూ ఉంటుంది, దానికోసమే కమాండర్ ఉన్నాడు. మొదటి రకం ఎక్కువగా ఉంటే లోపం ప్లాన్‌లో ఉంది. రెండో రకం ఎక్కువైతే ఆర్డర్ రాసిన తీరులోనో, రిహార్సల్‌లోనో ఉంది. ప్రశ్న వచ్చిన సమయం, జవాబు వెళ్లిన సమయం కూడా రాయండి. ఆ మధ్యలోని నిమిషాలు కింద ఒక దళం ఎటూ కదలకుండా నిలబడిపోయిన నిమిషాలు. ఈ పనికి ఇద్దరు ఆఫీసర్లు ఒక పూట కూర్చుంటే సరిపోతుంది. ఇది చేయకుండా కొత్త పద్ధతులు మొదలుపెడితే జ్వరం చూడకుండా మందు వేసినట్టే.

రెండో మెట్టు: సమయాన్ని పంచండి, కింద నుంచి లెక్కపెట్టండి

ఉన్న సమయంలో మూడో వంతు మాత్రమే కమాండర్ తాను వాడుకుని, మిగతా రెండు వంతులు కిందివాళ్లకు వదలాలన్న నియమం చాలా సైన్యాల్లో నేర్పుతారు. నియమం మంచిదే, కానీ దాన్ని గుడ్డిగా పాటిస్తే ఏమవుతుందో చూడండి.

బ్రిగేడ్‌కు పని ఉదయం 6.00కు అందింది. హెచ్-అవర్, అంటే దాడి మొదలయ్యే వేళ, మర్నాడు 5.00. చేతిలో 23 గంటలున్నాయి. మూడో వంతు అంటే 7 గంటల 40 నిమిషాలు, అంటే బ్రిగేడ్ ఆర్డర్ మధ్యాహ్నం 1.40కి వెలువడుతుంది. బెటాలియన్‌కు 15 గంటల 20 నిమిషాలు మిగిలాయి. అందులో మూడో వంతు అదీ వాడుకుంటే కంపెనీ కమాండర్ల చేతికి ఆర్డర్ వచ్చేసరికి సాయంత్రం 6.47 అవుతుంది. పొద్దు 6.00కే గూకితే దాడి నడిపించాల్సిన కంపెనీ కమాండర్ ఆ నేలను వెలుతురులో ఒక్కసారి కూడా చూడడు. నియమం తప్పలేదు, ప్లాన్ మాత్రం చెడిపోయింది.

కాబట్టి గడియారాన్ని అట్టడుగు నుంచి పైకి తిప్పండి. సెక్షన్ కమాండర్‌కు నేల చూపించాలి, కంపెనీలో రిహార్సల్ జరగాలి, మనుషులు తిని నాలుగు గంటలైనా నిద్రపోవాలి. ఇవన్నీ ముందు గడుల్లో పెట్టి, మిగిలిన సమయమే బ్రిగేడ్ స్టాఫ్‌కు, అంటే కమాండర్‌కు ప్లాన్ తయారుచేసే ఆఫీసర్లకు, అనుకోండి. పై ఉదాహరణలో బ్రిగేడ్ ఆర్డర్ 11.30కి, బెటాలియన్ ఆర్డర్ మధ్యాహ్నం 3.00కు వెలువడితే కంపెనీ కమాండర్లకు మూడు గంటల వెలుతురు దొరుకుతుంది. బ్రిగేడ్ స్టాఫ్‌కు రెండు గంటలకు పైగా కోత పడుతుంది. పడనివ్వండి.

ఆ కోతను భర్తీ చేసేది వార్నింగ్ ఆర్డర్, అంటే పూర్తి ఆర్డర్‌కు ముందే సిద్ధం కమ్మని పంపే చిన్న ఆర్డర్. పని అందిన 45 నిమిషాల్లో, అంటే 6.45కల్లా మొదటిది వెళ్లిపోవాలి. అందులో పని ఏ రకందో, ఏ ప్రాంతమో, ఫలానా వేళకు ముందు కదలకూడదన్న గడువు, రెక్కీకి (ముందే వెళ్లి నేల చూసి రావడానికి) అనుమతి, తాగునీరు, మందుగుండు, బ్యాటరీల వంటి ముందస్తు సన్నాహాలు ఉంటే చాలు. పని విశ్లేషణ ముగియగానే రెండోది, కమాండర్ ఒక మార్గం ఎంచుకోగానే మూడోది. "అన్నీ తేలాక ఒకేసారి పంపిద్దాం" అని స్టాఫ్ ఆగిపోవడమే ఇక్కడ అందరూ చేసే తప్పు. సగం తెలిసిన వార్త ఉదయం అందితే పనికొస్తుంది. పూర్తి వార్త రాత్రి అందితే దాన్ని టార్చి వెలుగులో చదువుకోవడమే మిగులుతుంది.

మూడో మెట్టు: పనిని విప్పి చూడండి

పై ఆర్డర్‌ను ముందు పెట్టుకుని స్పష్టంగా చెప్పిన పనులు, చెప్పకపోయినా చేయక తప్పని పనులు వేరువేరుగా రాయండి. "వంతెన పట్టుకో" అన్నారు. అక్కడిదాకా దారి తెరవడం, పేలుడు పదార్థాలు అమర్చి ఉంటే తీసేయడం, అవతలి గట్టు మీద చోటు సంపాదించడం, వెనక వచ్చే వాహనాలకు దారి చూపే ట్రాఫిక్ పోస్టులు పెట్టడం ఎవరూ చెప్పలేదు, అయినా అవన్నీ మీవే. వీటిలో ఏది జరగకపోతే మొత్తం పనే జరగనట్టో దాన్ని పట్టుకోండి. మిషన్ వాక్యం దాని మీదే నిలబడాలి: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. ఎలాగన్నది ఇప్పుడే అక్కర్లేదు.

ఆ పక్కనే ఇంకో కాగితం పెట్టండి. దానిమీద ఊహలు. "వంతెన చెక్కుచెదరకుండా దొరుకుతుంది" అన్నది వాస్తవం కాదు, ఊహ. ప్రతి ఊహకూ ఒక పేరు, ఒక గడువు ఉండాలి. ఎవరు తేల్చుకుంటారు, ఎప్పటిలోగా? గడువులోగా తేలకపోతే ఆ ఊహ తప్పినప్పుడు పనికొచ్చే ప్రత్యామ్నాయం ప్లాన్‌లో ఉండి తీరాలి. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో డిసెంబర్ 9న మేఘనా నది మీద అశూగంజ్ వంతెన పేలిపోయింది. భారత నాలుగో కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ దళాలు ఎంఐ-4 హెలికాప్టర్లలో నది దాటాయి. రెండు రోజుల ముందే సిల్హెట్ దగ్గర అవే హెలికాప్టర్లతో సైనికుల్ని దించి ఉన్నారు. వంతెన పోయాక సాధనం కోసం వెతుక్కునే పని పడలేదు.

నాలుగో మెట్టు: కమాండర్ ఉద్దేశం, తన చేత్తోనే

ప్లాన్ మొత్తంలో స్టాఫ్‌కు అప్పగించకూడని భాగం ఇదొక్కటే. కమాండర్ దీన్ని తానే రాయాలి. నాలుగైదు వాక్యాలు మించకూడదు. రెండు మెట్లు కిందున్నవాడు, అంటే బ్రిగేడ్ ఆర్డర్ అయితే కంపెనీ కమాండర్, కాగితం చూడకుండా తిరిగి చెప్పగలగాలి.

తరచూ కనిపించే రాత ఇలా ఉంటుంది: "శత్రువును మెరుపు వేగంతో దెబ్బతీసి, చొరవ మన చేతుల్లోనే ఉంచుకుని, అప్పగించిన లక్ష్యాలను సకాలంలో సాధించాలని నా ఉద్దేశం." ఇది చదివిన కంపెనీ కమాండర్‌కు ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. ఏ రోజైనా, ఏ దాడికైనా ఈ వాక్యం సరిపోతుంది.

ఇప్పుడు ఇది చూడండి: "వెనక వచ్చే డివిజన్ రేపు మధ్యాహ్నం 2.00లోగా నది దాటాలి, మనం వెళ్తున్నది అందుకే. వంతెన నిలిచి ఉండడం ముఖ్యం, శత్రువు ఎంతమంది చచ్చారన్నది కాదు. తూర్పు గట్టు మీద 3 కిలోమీటర్ల లోతు మన చేతిలో ఉంటే నేరుగా చూసి కాల్చే ఆయుధాల్లో చాలావరకు వంతెనను అందుకోలేవు. శత్రువు ఉత్తరానికి పారిపోతే వెంటపడొద్దు. చివరికి రెండు గట్లూ మనవి, దారి ఖాళీ, ఒక బెటాలియన్ కదలడానికి సిద్ధంగా ఉండాలి." వంతెన దగ్గర రేడియో పాడైపోయిన కంపెనీ కమాండర్‌కు ఈ ఐదు వాక్యాలు చాలు. పారిపోతున్న శత్రువు వెంట పడాలా వద్దా అని అడగక్కర్లేదు. 3 కిలోమీటర్లు ఎందుకో తెలుసు కాబట్టి, నేల తీరును బట్టి ఒకచోట రెండున్నర దగ్గరే ఆగడం మంచిదైతే ఆగుతాడు కూడా.

ప్రష్యా సైన్యాధిపతి పెద్ద మోల్ట్కే, ఏ ప్లానూ శత్రువు ప్రధాన బలగంతో మొదటి తాకిడి దాటి ఖాయంగా నిలవదని రాశాడు. ప్లానింగ్ దండగని వాదించేవాళ్లు ఈ మాటను వాడుకుంటారు. అదే మోల్ట్కే సైన్యాల్ని రైళ్లలో సరిహద్దుకు చేర్చే పట్టికల్ని ఎంతో సూక్ష్మంగా వేయించినవాడు. తాకిడి దాకా వివరంగా, తాకిడి తర్వాత ఉద్దేశంతో అన్నది ఆయన పద్ధతి.

ఐదో మెట్టు: ఎవరి కింద ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా

ఒక కమాండర్ పోరులో నేరుగా నడపగలిగేది మూడు నుంచి ఐదు దళాల్నే. జోడించిన ట్యాంకులు, ఇంజనీర్లు, డ్రోన్ దళం, వాయు రక్షణ అన్నీ కలిపి ఒక్కరికే ఎనిమిది, తొమ్మిది రిపోర్టులు వస్తుంటే గీతలు మళ్లీ గీయాల్సిందే. జోడింపు రాసేటప్పుడు "ఇంజనీర్ ప్లటూన్ రెండో బెటాలియన్ కింద" అని ఆపేయొద్దు. "సాయంత్రం 8.00 నుంచి వంతెన మీద మొదటి వాహనం దాటేదాకా రెండో బెటాలియన్ కింద, ఆ తర్వాత బ్రిగేడ్ కింద" అని రాయండి. ఆ ప్లటూన్‌కు భోజనం, డీజిల్, వైద్యం ఎవరివో కూడా అక్కడే తేలాలి. నెట్ మీద అడిగే ప్రశ్నల్లో చాలా మటుకు ఈ చేతులు మారే ఘడియల దగ్గరే పుడతాయి.

కమాండర్ పడిపోతే ఆయన చోట ఎవరు, ఆ తర్వాత ఎవరు అన్న వారసత్వం రాసిపెట్టండి, అందరికీ చదివి వినిపించండి. 1944 సెప్టెంబర్ 17న నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ దగ్గర దిగిన బ్రిటిష్ మొదటి ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో రేడియోలు సరిగా అందలేదు. కమాండర్ మేజర్ జనరల్ అర్క్‌హార్ట్ తన దళాల్ని వెతుక్కుంటూ వెళ్లి శత్రువు మధ్య చిక్కుకుని, 19వ తేదీ ఉదయం దాకా హెడ్‌క్వార్టర్స్‌కు రాలేకపోయాడు. తన తర్వాత బ్రిగేడియర్ లాత్‌బరీ, ఆయన తర్వాత హిక్స్, ఆ తర్వాత హాకెట్ అని స్టాఫ్ ప్రధానాధికారికి చెప్పి ఉన్నాడు గానీ, హిక్స్ కన్నా సీనియరైన హాకెట్‌కు ఆ సంగతి తెలియదు. లాత్‌బరీ కూడా కమాండర్‌తోపాటే చిక్కుకుపోయాడు. చివరికి 18వ తేదీ రాత్రి హిక్స్, హాకెట్‌ల మధ్య వాదన నడిచింది. ఆర్నెమ్ వంతెన దగ్గర లెఫ్టినెంట్ కల్నల్ ఫ్రాస్ట్ మనుషులు సాయం కోసం చూస్తున్న రాత్రి అది. ఒక్క నిమిషంలో చదివి వినిపించగలిగిన జాబితా అది.

ఆరో మెట్టు: వార్‌గేమ్, నిజాయితీగా

మూడు మార్గాలు ఆలోచించమంటే స్టాఫ్ తరచూ ఒక మంచిదాన్నీ, దాన్ని మెరిపించడానికి రెండు చెత్తవాటినీ తెస్తుంది. సమయం తక్కువైతే రెండు చాలు, కానీ రెండూ నిజంగా వేరై ఉండాలి. ప్రధాన దెబ్బ వేసే చోటో, రిజర్వు (అవసరానికని వెనక ఉంచిన దళం) వాడే తీరో మారాలి.

వార్‌గేమ్ అంటే ప్లాన్‌ను శత్రువుతో సహా మ్యాప్ మీద ఆడి చూడడం. ఆ ఆట నడిపే పద్ధతి ఇదీ. ఆపరేషన్‌ను ఐదారు ఘట్టాలుగా కోసి, ప్రతి ఘట్టానికీ 20 నిమిషాలు ఇవ్వండి. మన చర్య, శత్రువు ప్రతిచర్య, దానికి మన జవాబు, అంతే. తర్వాతి ఘట్టం. ఇంటెలిజెన్స్ ఆఫీసర్ శత్రువు పాత్ర వేస్తాడు, గెలవాలనే ఆడతాడు. ఆయన మాటను సీనియర్లు కొట్టిపారేస్తుంటే ఆట ఆపేయండి, సమయం మిగులుతుంది. ఒకరు రాయడానికే ఉండాలి. ఆయన రాసేది గెలుపోటములు కాదు, "ఇక్కడ కమాండర్ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది" అనిపించిన ప్రతి చోటూ. ఆ జాబితానే ఈ ఆటలో పండే పంట.

ఏడో మెట్టు: నిర్ణయ స్థానాలు, నిమిషాల లెక్కతో

నిర్ణయాన్ని ముందే గుర్తించి, దానికి కావాల్సిన కబురు ఏదో, అది ఎక్కణ్నుంచి రావాలో, వచ్చాక ఏం చేస్తామో ఒకే వరసలో రాయాలి. మా వంతెన ఉదాహరణలో ఒక్క వరసను విప్పి చూద్దాం.

శత్రువు ట్యాంకులు ఈశాన్యం నుంచి వస్తే రిజర్వు బెటాలియన్‌ను వంతెనకు పంపాలి. రిజర్వు వాహనాలు ఎక్కడానికి 40 నిమిషాలు, చేరుకోవడానికి 50, మొత్తం 90. గస్తీ చూసిన వార్త బెటాలియన్ మీదుగా బ్రిగేడ్ చేరడానికి 15, కమాండర్ నిర్ణయించి ఆర్డర్ పంపడానికి 10. అంతా కలిపి 115 నిమిషాలు. శత్రువు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తాడనుకుంటే, వాణ్ని వంతెనకు 38 కిలోమీటర్ల అవతలే చూడాలి. మన గస్తీ దళం మాత్రం 23 కిలోమీటర్ల దూరంలోని నాలుగు రోడ్ల కూడలి దగ్గరుంది. అంటే చూసిన 70 నిమిషాలకు ట్యాంకులు వంతెన మీదుంటాయి, మన రిజర్వు 45 నిమిషాలు ఆలస్యం.

చాలా ప్లాన్లలో ఈ లెక్క ఎవరూ వేయరు. "కూడలి మీద నిఘా, అవసరమైతే రిజర్వు" అని రాసి ఊరుకుంటారు. చూడ్డానికి బాగుంటుంది, జరగదు.

సరిచేసే దారులున్నాయి. రిజర్వును ముందే వాహనాలెక్కించి ఉంచితే 40 నిమిషాలు మిగిలి 75కు దిగుతుంది, అప్పటికీ 5 నిమిషాలు ఆలస్యమే. అప్పుడు కమాండ్ గీతనే మార్చండి. గస్తీ దళం మాట్లాడే నెట్‌ను రిజర్వు కమాండర్ నేరుగా వినేలా పెట్టండి. "కూడలి దగ్గర పదికి మించి ట్యాంకులు కనిపిస్తే నన్ను అడగకుండా కదులు, కదిలాక చెప్పు" అని అధికారం ముందే ఇచ్చేయండి. వార్తకు 5, ప్రయాణానికి 50, మొత్తం 55. ఇప్పుడు 15 నిమిషాలు మనవైపు మిగిలాయి. కొత్త పరికరం ఒక్కటీ కొనలేదు. అధికారాన్ని ఒక మెట్టు కిందికి దించామంతే.

ఇలాంటి వరసలు ఐదారు మించితే కమాండర్ తల పట్టదు. వాటికి కావాల్సిన కబుర్లే కమాండర్ అడిగే ముఖ్య సమాచారం, మిగతా రిపోర్టులు వాటి తర్వాతే. పది దాటిన జాబితాను దేన్నీ ముఖ్యమనుకోని జాబితాగానే చూడాలి.

ఆపేసే హద్దు కూడా ఈ పట్టికలోనే ఉండాలి. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లోని బందీల కోసం అమెరికా పంపిన ఈగిల్ క్లా ఆపరేషన్‌లో 8 హెలికాప్టర్లు బయల్దేరాయి, కనీసం 6 ఉండాలన్నది ముందే తేల్చుకున్న అంకె. ఎడారిలో 5 మాత్రమే మిగలడంతో ఆపేశారు. అంకె ముందే ఉండబట్టి ఆ అర్ధరాత్రి అంత కష్టమైన నిర్ణయం తేలిపోయింది. వెనక్కి బయల్దేరడానికి సిద్ధమవుతుండగా మాత్రం ఒక హెలికాప్టర్ రవాణా విమానాన్ని ఢీకొని 8 మంది చనిపోయారు. గోప్యత పేరుతో అన్ని దళాలూ ఒకచోట కలిసి పూర్తి రిహార్సల్ చేయలేదని తర్వాతి విచారణ తప్పుపట్టింది. ఆపేయాలన్న నిర్ణయం ఒక్కటే చాలదు, ఆపేశాక ఎవరు ఏ వరసలో వెనక్కి వెళ్తారన్నదీ ప్లానే.

ఎనిమిదో మెట్టు: హద్దులు, గీతలు, సంకేతాలు

బెటాలియన్ల మధ్య హద్దు రోడ్డు మీదో వాగు మీదో గీయొద్దు. ఆ రోడ్డు ఎవరిదన్న తగువు అక్కడే మొదలవుతుంది. రోడ్డు మొత్తం ఒకరికి ఇచ్చి, గీతను దానికి 200 మీటర్లు పక్కకు జరపండి. ఎత్తైన గుట్టను రెండుగా చీల్చొద్దు. దళం చేరగానే కబురు చెప్పాల్సిన రిపోర్టు గీతలు చీకట్లో కూడా గుర్తుపట్టగలిగే చోట, అంటే రైలు పట్టాలు, కాలువ కట్ట వంటి వాటి మీద ఉండాలి. ఎక్కువ గీతలు గీస్తే ఎక్కువ కంట్రోల్ వస్తుందనుకోవద్దు. ప్రతి గీతా దళాన్ని ఒకసారి ఆపుతుంది, ఒక సందేశం పుట్టిస్తుంది.

సంకేతాలు అందరి దగ్గరా ఒకటే ఉన్నాయో లేదో మనిషిని పెట్టి సరిచూడండి. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్ గగనంలో రెండు అమెరికా ఎఫ్-15 విమానాలు తమవే అయిన రెండు బ్లాక్ హాక్ హెలికాప్టర్లను కూల్చేశాయి. 26 మంది చనిపోయారు. హెలికాప్టర్లు వాడుతున్న మిత్ర గుర్తింపు కోడ్ ఆ ప్రాంతానికి చెందినది కాదు, రేడియో ఫ్రీక్వెన్సీ వేరు. పైన గగన నిఘా విమానం అవాక్స్ చూస్తూనే ఉంది. ఎవరి పట్టిక వాళ్ల దగ్గర ఉంది, రెండు పట్టికల్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. అందుకే ఆర్డర్ వెలువడే ముందు ప్రతి దళం సిగ్నల్ ప్రతినిధినీ ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి కోడ్‌లు, ఫ్రీక్వెన్సీలు, మార్చే సమయాలు గట్టిగా చదివించండి. అరగంట పని.

తొమ్మిదో మెట్టు: నాలుగు దారుల సంబంధాలు

ప్రతి ముఖ్య సందేశానికీ నాలుగు దారులు వరసగా ఉండాలి: మామూలుగా వాడేది, అది పోతే రెండోది, ఆపదలో మూడోది, ఏదీ లేనప్పుడు నాలుగోది. ఉదాహరణకు వీహెచ్‌ఎఫ్ (దగ్గరి దూరాల రేడియో), హెచ్‌ఎఫ్ (ఎక్కువ దూరం పోయే రేడియో), ఉపగ్రహ ఫోన్, చివరగా మోటార్‌సైకిల్ మీద మనిషి. నాలుగూ ఒకే యాంటెనా స్తంభం మీదో, ఒకే జనరేటర్ మీదో ఆధారపడితే అవి ఒక్కటే. ఒక్క గుండు చాలు.

ఎక్కువమంది మరిచేది మారే క్షణం. "వీహెచ్‌ఎఫ్ అందకపోతే హెచ్‌ఎఫ్‌కు మారాలి" అని రాస్తే ఒకడు ఐదు నిమిషాలకే మారతాడు, ఇంకొకడు అరగంట పాత నెట్ మీదే పిలుస్తుంటాడు, ఇద్దరూ ఒకరికొకరు దొరకరు. "రెండు పిలుపులకు జవాబు లేక 10 నిమిషాలు దాటితే ఇద్దరూ హెచ్‌ఎఫ్‌కు మారాలి, ప్రతి గంట మొదటి 5 నిమిషాలు వీహెచ్‌ఎఫ్‌ను మళ్లీ వినాలి" అని రాయండి. అన్నీ పోయినప్పుడు ఏం చేయాలో ఉద్దేశం చెప్తుంది.

వీహెచ్‌ఎఫ్ కంటిచూపు ఎంత పోతుందో దాదాపు అంతే పోతుంది. మ్యాప్ మీద దారి పొడవునా గుట్టలు అడ్డొచ్చి సిగ్నల్ అందని చోట్లు గుర్తించి, సందేశాన్ని అందుకుని మళ్లీ ముందుకు పంపే రీబ్రాడ్‌కాస్ట్ స్టేషన్ ఎక్కడ పెట్టాలో, దానికి కాపలా ఎవరో ప్లాన్‌లోనే తేల్చండి. బ్యాటరీలు లెక్కపెట్టండి: ఒకటి 8 గంటలు వస్తే 48 గంటలకు 6, చలికీ పాడైనవాటికీ మూడో వంతు అదనం, సెట్టుకు 8. 1983లో గ్రెనడాలో దిగిన అమెరికా సైన్యం, నౌకాదళం రేడియోలు ఒకదానితో ఒకటి కలవలేదు. జోడింపు దళాలు వచ్చిన వెంటనే వాళ్ల సెట్టుతో మీ సెట్టును నిజంగా మాట్లాడించి చూడాలి, జాబితాలో టిక్కు పెట్టడం చాలదు.

ప్రసారం ఎంత ఎక్కువైతే మీ చోటు శత్రువుకు అంత తెలుస్తుంది. ఉక్రెయిన్ యుద్ధంలో పెద్ద, కదలని కమాండ్ పోస్టులు దూరశ్రేణి ఆయుధాలకు చిక్కిన సందర్భాలు ఎన్నో. యాంటెనాను పోస్టుకు దూరంగా పెట్టండి, వాహనాల గుంపు కట్టొద్దు. పోస్టు మారే వేళ ప్లాన్‌లో ముందే ఉండాలి, ఆ సమయంలో కంట్రోల్ ఎవరిదో రాసి ఉండాలి. రెండో పోస్టు "నెట్ నా చేతికొచ్చింది" అనేదాకా మొదటిది కదలకూడదు.

పదో మెట్టు: ఆర్డర్ రాయడం

ఐదు పేరాల రూపం ఎందుకు నిలిచిందంటే ఏది ఎక్కడ వెతకాలో అలసిన మనిషికి కూడా తెలుసు: పరిస్థితి, పని, అమలు, సరఫరా, కమాండ్-సిగ్నల్స్. ఆ వరస మార్చొద్దు. గీతలన్నీ మ్యాప్ ఓవర్లే (మ్యాప్ మీద పరిచే పారదర్శక షీటు) మీద, మాటలు కాగితం మీద. రెండింట్లోనూ ఒకే విషయం రాస్తే ఒకనాడు అవి రెండు రకాలుగా ఉంటాయి.

చోటు పేరు చెప్పేటప్పుడు చదివేవాడి కళ్లతో చూడండి. 1854 అక్టోబర్ 25న క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర బ్రిటిష్ సైన్యాధిపతి లార్డ్ రాగ్లాన్ కొండమీది నుంచి అశ్వదళానికి ఒక చీటీ పంపాడు. త్వరగా ముందుకెళ్లి, శత్రువు ఫిరంగులు తీసుకుపోకుండా అడ్డుకోండి అన్నది దాని సారాంశం. కొండమీద ఉన్నవాడికి ఏ ఫిరంగులో కళ్లకు కడుతూనే ఉంది. లోయలో ఉన్న అశ్వదళ కమాండర్ లూకన్‌కు పక్క గుట్టల మీది ఆ ఫిరంగులు కనపడవు, ఎదురుగా లోయ చివరనున్న రష్యన్ ఫిరంగులే తెలుసు. "ముందు" అంటే ఎటు? చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ను అడిగితే అతను చెయ్యి ఊపి చూపించాడంతే. దాదాపు 670 మంది రౌతులు మూడు వైపులా ఫిరంగులున్న లోయలోకి పోయారు. ఆ చీటీలో ఒక దిక్కు, ఒక గుట్ట పేరు, ఎందుకన్న ఒక్క ముక్క ఉంటే ఆ స్వారీ ఉండేది కాదు. "ముందు", "ఎడమ", "ఆ అవతల", "వీలైనంత త్వరగా" అన్న మాటలు మీ ఆర్డర్‌లో కనిపిస్తే కొట్టేసి, మ్యాప్ గడుల గ్రిడ్ సంఖ్య, దిక్కు, గడియారం రాయండి.

పంపే ముందు ఆర్డర్ రాయడంలో పాల్గొనని ఒక కుర్ర ఆఫీసర్‌కు ఇచ్చి, "నువ్వు రెండో బెటాలియన్ కమాండర్‌వి, ఏం చేస్తావో చెప్పు" అనండి. అతను తడబడిన చోట తప్పు అతనిది కాదు.

పదకొండో మెట్టు: తిరిగి చెప్పించడం, నడిచి చూడడం

ఆర్డర్ ముగిశాక "ప్రశ్నలున్నాయా?" అనడిగితే ఎవరూ నోరు మెదపరు. దాన్ని అర్థమైందని తీసుకోవద్దు. అక్కడే ప్రతి కింది కమాండర్ తన పని, అది ఎందుకు, పక్కవాడి పనికి తనది ఎలా కలుస్తుందో మూడు వాక్యాల్లో చెప్పాలి. తన ప్లాన్ వేసుకున్నాక మళ్లీ వచ్చి బ్యాక్‌బ్రీఫ్ ఇవ్వాలి, అంటే ఆ ప్లాన్‌ను పైవాడికి వివరించాలి. అప్పుడు బయటపడే తేడాలు దిద్దడానికి ఇంకా సమయం ఉంటుంది.

రిహార్సల్‌కు 10 మీటర్లు పొడవు, 6 మీటర్లు వెడల్పు నేల చాలు. నదికి తాడు, హద్దులకు రంగు టేపు, గుట్టలకు మట్టి. కమాండర్లు తమ చోట నిలబడి, గడియారం చదువుతుండగా తాము ఏం చేస్తారో చెప్తూ కదలాలి. సమయం తక్కువైతే మొదటి గంట వదిలేసి, చేతులు మారే ఘడియలు, నిర్ణయ స్థానాలు, గాయపడ్డవాళ్ల తరలింపు ఇవే నడిపించండి. మధ్యలో ఇద్దరిని పక్కకు లాగి "నువ్వు చనిపోయావు, నీ సెట్టు పోయింది" అనండి. తర్వాతివాడు అడుగు ముందుకేయడానికి ఎంతసేపు తీసుకున్నాడో చూసి రాసుకోండి.

పోరు నడుస్తుండగా

మార్పు ఆర్డర్‌లో మారినదే ఉండాలి. ఉద్దేశం మారలేదంటే ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే అదీ మారిందేమోనని కిందివాడు అనుమానపడతాడు. మాటతో పంపిన మార్పును లాగ్‌లో సమయంతో సహా రాసి, అవతలివాడి చేత తిరిగి చదివించండి. మీటింగులు, రిపోర్టుల వేళలు పై హెడ్‌క్వార్టర్స్ గడియారానికి కట్టేసి ఉంటాయి, వాటితో కింది కమాండర్ పోరు మధ్యలో మ్యాప్ ముందుకు పరిగెత్తాల్సి వస్తుంది. కంపెనీ నుంచి గంటకో రిపోర్టు అడిగే బదులు, ఏం జరిగితే రిపోర్టు చేయాలో చెప్పండి. వంతెన దాటితే, పదిమందికి మించి గాయపడితే, మందుగుండు సగానికి దిగితే. మిగతా సమయం వాళ్ల పని వాళ్లది.

ముగిశాక మొదటి మెట్టులోని ప్రశ్నల కాగితాన్ని మళ్లీ వేయండి, కొత్త లాగ్‌తో. ప్రశ్నకూ జవాబుకూ మధ్య నిమిషాలు తగ్గాయా, మొదటి రకం ప్రశ్నలు ఎన్ని మిగిలాయి? ప్రతి అభ్యాసంలోనూ తిరిగి వచ్చే ప్రశ్నకు జవాబును ప్రతి ఆర్డర్‌లో రాయక్కర్లేకుండా దళం ఎస్‌ఓపీలోకి (ఎప్పుడూ పాటించే పద్ధతుల పుస్తకంలోకి) ఎక్కించండి. కొత్త పేజీ మీద తేదీ వేయండి, పాత పేజీని ప్రతి వాహనంలోంచీ తీయించి వెనక్కి తెప్పించుకోండి, ఎన్ని పంపారో అన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టండి.